ఎవరూ పట్టించుకోని పని నువ్వు తీసుకో

చి. చిన్నాకి,

అత్త ఆశీస్సులు. నువ్వు సాఫ్ట్‌వేర్ టీమ్‌కి లీడ్ అయ్యావని మీ అమ్మ చెప్పింది. ఋషికొండ ఆఫీసు నుంచి రాత్రి పదింటికి ఇంటికొస్తున్నావనీ, అన్నం తింటూ కూడా ఎవరిదో కోడ్ చూస్తున్నావనీ ఆ నోటితోనే చెప్పింది. ఫోన్ చేస్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

నీ టెన్షన్ నాకు అర్థమైంది. ఎనిమిది మంది పనికి నువ్వు జవాబు చెప్పాలి. ఇంకోపక్క ఏదో ఒక కొత్త టూల్ వస్తూనే ఉంటుంది, మీటింగుల్లో పడి వెనకబడిపోతానేమోనన్న భయం. రెండింటికీ నా దగ్గర ఉన్నది ఒకటే మందు. టీమ్‌లో ఎవరూ చెయ్యి పెట్టని పని నువ్వు తీసుకో.

పెద్ద ఫీచర్ నువ్వు పట్టుకున్నావనుకో, మీటింగుల మధ్య అది నలుగుతుంది, నీ కోసం మిగతావాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారు. అది పిల్లలకి ఇచ్చెయ్. రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చే, నలభై నిమిషాలు సాగే బిల్డ్, ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టు, బయటి నుంచి తెచ్చి వాడుతూ మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోని రెడీమేడ్ కోడ్ లైబ్రరీలు, కొత్తవాళ్ళ లాప్‌టాప్ సెటప్. ఇవి నీవి. రెండు రోజులు ఆలస్యమైనా రిలీజ్ ఆగదు, నీ చెయ్యి కోడ్ మీద నుంచి పూర్తిగా పోదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో భద్రతా లోపం బయటపడి గొడవ వచ్చినప్పుడు, అది మా దగ్గర ఏయే సర్వీసుల్లో ఉందో వెంటనే చెప్పగలిగింది నేనొక్కదాన్నే. గొప్పతనమేం కాదు, అంతకు రెండు నెలల ముందే ఆ లైబ్రరీల జాబితా కూర్చుని రాసుకున్నాను, అంతే.

మా టీమ్‌లోకి ఒకసారి శ్రీకాకుళం నుంచి ఒకమ్మాయి వచ్చి చేరింది. మొదటిరోజు ఆమె పక్కన కుర్చీ వేసుకుని, నోరు మూసుకుని, నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. సెటప్ ఎలా చెయ్యాలో రాసి ఉండే రీడ్‌మీ ఫైల్‌లో మొదటి కమాండే పనిచెయ్యలేదు. అందులో రాసిన జావా వెర్షన్ మేం వదిలేసి ఏడాది దాటింది. మూడో స్టెప్పులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవరినో అడగమని ఉంది. ఆ మనిషి టీమ్ మారిపోయాడు. సాయంత్రానికి నా నోట్‌బుక్‌లో 14 అడ్డంకులు తేలాయి. ఆ పిల్ల మాత్రం "నాకే రావట్లేదేమో మేడమ్" అంటూ బిక్కమొహం వేసింది. అప్లికేషన్‌ని దానికి కావలసినవాటితో కలిపి ఒకే మూటగా కట్టి నడిపించే డాకర్ 2013లోనే వచ్చినా, అది మనకెందుకులే అని అప్పటిదాకా తీసిపారేశాను. ఆ 14 ముందు పెట్టుకుని చూస్తే, సగానికి పైగా దానితో పోయేవే. నేర్చుకోవడానికి వారం పట్టింది. ఆ తర్వాత చేరిన కుర్రాడు మొదటిరోజు లంచ్‌కి ముందే అప్లికేషన్ రన్ చేసి చూపించాడు.

కొత్త టూల్ సంగతి వచ్చినప్పుడల్లా నేను చూసేది ఇదే. మన నొప్పి ఏమిటో ముందు పేరు పెట్టి చెప్పగలగాలి. "అందరూ వాడుతున్నారు" అన్నది నొప్పి కాదు. నొప్పి ఉంటే, ఆ టూల్ అడిగినవాడి చేతికే ఇవ్వు. ఒక్క సర్వీసు మీద, రెండు వారాలు. పనికిరాకపోతే ఏ తేదీన తీసేస్తామో మొదలుపెట్టే రోజే రాసి పెట్టుకోండి. లేకపోతే సగం వాడి వదిలేసిన టూల్స్ అటకెక్కిన ఇత్తడి సామానులా పేరుకుపోతాయి.

నేను ఇవన్నీ మొదట్నుంచీ తెలిసి చేశాననుకునేవు. కోడ్ మార్పుల చరిత్ర దాచే పాత టూల్ సబ్‌వెర్షన్ నుంచి, అదే పని చేసే గిట్‌కి టీమ్ మొత్తాన్ని ఒక్క వీకెండ్‌లో మార్చేశాను, ఎవరికీ సరిగ్గా నేర్పకుండానే. మంగళవారం ఒక కుర్రాడు ఫోర్స్ పుష్ కొట్టాడు, అంటే అందరి ఉమ్మడి కాపీ మీద తన కాపీని బలవంతంగా రుద్దేశాడు. ఆ ఉమ్మడి కాపీ, మెయిన్ బ్రాంచ్‌లోంచి రెండు రోజుల పని మాయం. అందరి ముందూ వాడిని కడిగేశాను. గంటలో ఇంకొకరి లాప్‌టాప్‌లో ఆ కమిట్లన్నీ, అంటే గిట్‌లో సేవ్ చేసిన మార్పులన్నీ దొరికాయి. కానీ ఆ కుర్రాడు ఆ తర్వాత ఆరు నెలలు ఏ తప్పు జరిగినా నాతో చెప్పడం మానేశాడు. ఫోర్స్ పుష్‌ని ఆపే సెట్టింగ్ పెట్టడానికి నాకు పది నిమిషాలు పట్టేది, పెట్టలేదు.

హుద్‌హుద్ తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఊళ్ళో చెట్లు కూలిపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు. క్లయింటుకి ఒక చిన్న ఫిక్స్ వెళ్ళాలి. ఎలాగోలా నేనూ ఇంకొకరూ లాప్‌టాప్‌లతో హైదరాబాద్ చేరాం. కోడ్‌కి ఢోకా లేదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ రాసినప్పుడే ప్రతి కాపీలోనూ చరిత్ర మొత్తం ఉండేలా రాశాడు. అయితే ఏం లాభం, బిల్డ్ చెయ్యడం మా ఇద్దరికీ రాదు! బిల్డ్ జరిగేది ఆఫీసులో ఒకడి టేబుల్ కింద ఉన్న మిషన్‌లో. అందులో ఏ సెట్టింగులు ఉన్నాయో తెలిసినవాడు విజయనగరం దగ్గర వాళ్ళ ఊళ్ళో ఉన్నాడు, ఫోన్ కలవదు. "వాడు చూసుకుంటాడులే" అని రెండేళ్ళు నిశ్చింతగా ఉన్నది నేనే, అతనిదేం తప్పు లేదు. కరెంటు వచ్చాక నేను చేసిన మొదటి పని, ఆ మిషన్‌లో ఉన్నదంతా ఒక ఫైల్‌గా రాయించి కోడ్ పక్కనే పెట్టించడం. మీ దగ్గర అలాంటి టేబుల్ కింద మిషన్ ఏదో ఈ వారంలో వెతుకు. ఇప్పుడది క్లౌడ్‌లో ఉంటుంది, ఒక్కరి లాగిన్‌తో.

ఇక ఏఐ. 2021లో కోడ్ తానే రాసిచ్చే కోపైలట్ ప్రివ్యూ వచ్చినప్పుడు ఆటోకంప్లీట్‌కి తమ్ముడనుకున్నాను. పప్పులో కాలేశాను. ఇప్పుడు రాయడం చిటికెలో పని, చదవడమే బరువు. వెయ్యి లైన్ల మార్పుని చూసి కలపమని పుల్ రిక్వెస్ట్ పెడతారు, అవతలివాడు అయిదు నిమిషాల్లో అప్రూవ్ కొడతాడు. మీ పిల్లల్ని వద్దనకు, నువ్వూ వాడు. కాకపోతే రివ్యూలో స్క్రీన్ చూడకుండా, తెలుగులో, ఆ మార్పు ఏం చేస్తుందో చెప్పమను. మధ్యలో నీళ్ళు నమిలితే చిన్న ముక్కలు చేసి తెమ్మను. క్లయింటు కోడ్ ఏ టూల్‌లో పెట్టొచ్చో, పెట్టకూడదో మీ పైవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకో. నోటిమాట నమ్మకు.

మనవాళ్ళతో ఇంకో చిక్కుంది. పెద్దవాళ్ళ ముందు "అవ్వదు" అనరు. రోజువారీ చిన్న మీటింగు, స్టాండప్‌లో "అయిపోవచ్చింది సార్" అంటారు. ఆ మాటకి గంట అనీ అర్థమే, నెల అనీ అర్థమే. "అయ్యిందా?" అని అడగడం మానెయ్, "ఏది, చూపించు" అను. నీకు రానిది నీకు రాదని అందరి ముందూ ఒకసారి చెప్పి చూడు, వాళ్ళ నోళ్ళూ వాటంతటవే తెరుచుకుంటాయి.

దసరా వస్తోంది. ఏదైనా ఆగిపోతే వెంటనే చూసే ఆన్‌కాల్ డ్యూటీ ఎవరెవరిదో ఇప్పుడే రాసి గోడకి పెట్టు. విజయదశమి రోజు నీ పేరు వేసుకో. భోజనానికి లాప్‌టాప్‌తోనే మా ఇంటికి రా, వైఫై బాగానే వస్తుంది.

మీ అత్త