వరుసగా ఆరు టాస్‌లు ఓడితే యాప్‌ను అనుమానించాలా?

ప్రశ్న: మిర్యాలగూడలో మేము ఆడుతున్న టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్‌లో నాణేనికి బదులు ఫోన్ యాప్‌తో టాస్ వేస్తున్నారు. మా జట్టు వరుసగా ఆరు టాస్‌లు ఓడిపోయింది. యాప్‌లో మతలబు ఉందా? ఏడోసారి మేము గెలిచే అవకాశం ఎక్కువేనా?

జవాబు: రెండో సందేహాన్ని ముందుగా తీరుస్తాను. యాప్ సరైనదైతే, పాత టాస్‌ల ఫలితాలతో కొత్త టాస్‌కు సంబంధం ఉండదు కాబట్టి ఏడోసారి కూడా మీ అవకాశం సరిగ్గా సగమే.

ఆరూ ఓడిపోయే అవకాశం సగాన్ని ఆరుసార్లు హెచ్చవేస్తే వస్తుంది, అంటే 64లో 1, సుమారు 1.6 శాతం. ఇది అరుదుగానే కనిపిస్తుంది గానీ, 16 జట్లు ఆరేసి మ్యాచ్‌లు ఆడే టోర్నమెంట్లు నాలుగు జరిగితే, వాటన్నింటిలో కలిపి సగటున ఒక జట్టుకు ఈ గతి పట్టాల్సిందే. ఈసారి ఆ వంతు మీకు వచ్చి ఉండవచ్చు. ఆరు టాస్‌లు మాత్రమే చూసి యాప్‌పై నేరం మోపడం నా దృష్టిలో తొందరపాటు.

అనుమానం తీరకపోతే అదే యాప్‌తో 100 సార్లు టాస్ వేసి, బొమ్మలు ఎన్ని పడ్డాయో రాసుకోండి. సక్రమమైన యాప్‌లో ఆ సంఖ్య 40 నుంచి 60 లోపు ఉండే అవకాశం సుమారు 96 శాతం. ఈ పరీక్షలో బొమ్మగానీ బొరుసుగానీ వరుసగా ఆరుసార్లు పడితే కంగారుపడకండి. 100 టాస్‌లలో ఎక్కడో ఒకచోట అలా జరిగే అవకాశమే దాదాపు 80 శాతం. నమ్మకం కలగకపోతే ఎక్సెల్‌లోని ర్యాండ్‌బిట్వీన్ ఫార్ములాతో 0, 1 అంకెలను 100 గడుల్లో నింపి చూడండి.

నాణెమైతే పూర్తిగా నిష్పక్షపాతమని కూడా అనుకోనక్కర్లేదు. 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో 3,50,757 సార్లు నాణెం ఎగరవేయగా, ఎగరవేసేటప్పుడు పైన ఉన్న ముఖమే మళ్లీ పైకి రావడం 50.8 శాతం సార్లు జరిగింది. ఊళ్లో జరిగే మ్యాచ్‌కు ఈ తేడా లెక్కలోకి రాదు.

యాప్ ఒకవైపు మొగ్గుతోందన్న శంక ఇంకా మిగిలితే, గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ చెప్పిన ఉపాయం ఉంది. ప్రతిసారీ రెండు టాస్‌లు వేయండి. బొమ్మ తరువాత బొరుసు పడితే ఒక జట్టుకు, బొరుసు తరువాత బొమ్మ పడితే రెండో జట్టుకు టాస్ దక్కుతుంది, రెండూ ఒకటే పడితే మళ్లీ మొదలుపెట్టాలి. బొమ్మకు 60 శాతం మొగ్గు ఉన్నా, ఆ రెండు వరుసలకూ అవకాశం 24 శాతం చొప్పున సమానమే. అయితే ఫోన్ పట్టుకున్నవారే ఫలితాన్ని ఎంచుకోగల ఆటపట్టింపు యాప్‌ల ముందు ఈ ఉపాయం పనిచేయదు. కనుక యాప్‌ను అందరి ఎదుట అధికారిక స్టోర్ నుంచి దించుకుని, అంపైర్ చేతనే నొక్కించండి.