సమాధానం: మ్యాగీ, కేట్ పాత్రలు రెండూ ఒకరివేనా?

అవునండీ, 'బ్లూ హీలర్స్'లో మ్యాగీగా, 'సీ పెట్రోల్'లో కేట్‌గా వేసింది ఒకే నటి. రెండూ ఆస్ట్రేలియా టీవీ సీరియళ్లు. మధ్యలో ఎపిసోడ్లేమైనా మిస్సయ్యాయా అన్న మీ అయోమయం అర్థమైంది. 'బ్లూ హీలర్స్' పాత ఎపిసోడ్లలో కానిస్టేబుల్ మ్యాగీ డోయల్ 2000 తర్వాత కనిపించదు, 'సీ పెట్రోల్'లో అదే ముఖం నౌకాదళ అధికారి యూనిఫాంలో ఉంటుంది. ఆ నటి పేరు లీసా మెక్యూన్.

మీ దగ్గర ఎపిసోడ్లేమీ మిస్ కాలేదు. ఆమె సీరియల్ వదిలేసింది, అందుకే కథలో మ్యాగీని కాల్చి చంపేశారు. మన సీరియళ్లలో లాగా రాత్రికి రాత్రి ఇంకో నటిని తెచ్చి అదే పాత్ర అనలేదు, అది నాకు నచ్చింది. సీరియల్ మాత్రం ఆమె లేకుండానే 2006 దాకా నడిచింది.

లీసా 1971లో సిడ్నీలో పుట్టి, పెర్త్‌లో పెరిగింది. నటన నేర్చుకున్నదీ అక్కడే. మొదట్లో జనం ఆమెను గుర్తుపట్టింది ఒక సూపర్‌మార్కెట్ ప్రకటనల్లో, బిల్లు కౌంటర్ అమ్మాయిగా! 1994లో 'బ్లూ హీలర్స్' మొదలైంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మౌంట్ థామస్ అనే ఊరి పోలీస్ స్టేషన్ కథ అది (ఆ ఊరు కల్పితం, మ్యాపులో వెతక్కండి). 1997 నుంచి 2000 వరకు వరసగా నాలుగేళ్లు గోల్డ్ లోగీ ఆమెకే వచ్చింది. ప్రేక్షకుల ఓట్లతో ఇచ్చే ఆస్ట్రేలియా టీవీ అవార్డది, ఆ రోజుల్లో ఆమె క్రేజ్ అలా ఉండేది.

'సీ పెట్రోల్' 2007 నుంచి 2011 దాకా వచ్చింది. అందులో ఆమె కేట్ మెక్‌గ్రెగర్. మధ్యలో కనపడని ఏళ్ల సంగతా? రంగస్థలం మీద పాటల నాటకాలు ఎక్కువ చేసింది. గొంతు కూడా బాగుంటుంది.