జ్వరం మూడో రోజు.. మెదడువాపేమోనని భయంగా ఉంది!

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు, బరువు 14 కిలోలు. మూడు రోజులుగా జ్వరం. మా ఊళ్లోనే ఓ పాపకు మెదడువాపు వచ్చిందన్నారు. వైరల్ జ్వరం మెదడుకు ఎలా ఎక్కుతుంది? ఎలా గుర్తుపట్టాలి?
- ఓ తల్లి, నర్సంపేట

జవాబు: థర్మామీటర్ కంటే బాబు తీరు గమనించండమ్మా. 103 డిగ్రీలున్నా, మందు పనిచేసి జ్వరం దిగాక లేచి ఆడుకుంటుంటే చాలావరకు ధైర్యంగా ఉండొచ్చు. 101 ఉన్నా సరే.. మగత, మిమ్మల్ని గుర్తుపట్టకపోవడం, పొంతనలేని మాటలు, ఆగని వాంతులు, మెడ బిగుసుకోవడం, ఫిట్స్.. వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కు ఫోన్ చేసి, పిల్లల ఐసీయూ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టొద్దు.

వైరస్ ఎక్కువగా రక్తం ద్వారా మెదడుకు చేరి, అక్కడి కణాలను చంపుతుంది. దానితో పోరాడే క్రమంలో వాపు వస్తుంది. పుర్రె సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం సరిగా అందదు. ఆగని ఫిట్స్ ఈ నష్టాన్ని ఇంకా పెంచుతాయి. తర్వాత మాట, చదువు, నడక దెబ్బతినేది ఇందువల్లే.

వరి పొలాల దోమలు పందులు, కొంగల నుంచి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (జేఈ) అనే మెదడువాపును తెస్తాయి. మట్టిగోడల పగుళ్లలో ఉండే ఇసుక ఈగలది చాందిపురా వైరస్. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ వైరస్ బయటపడిన మెదడువాపు ఉధృతిలో 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. ఈ రెండింటికీ ప్రత్యేకమైన మందు లేదు. హెర్పిస్ వైరస్‌తో వచ్చే మెదడువాపుకు మాత్రం ఎసైక్లోవిర్ అనే మందు ఉంది. అనుమానం రాగానే, రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెడతారు.

మెదడువాపును నిర్ధారించే పరీక్షకు వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని చాలామంది సంతకం పెట్టరు. సూది వెన్నుపాము ముగిసే చోటుకు కిందనే గుచ్చుతారు, ఆ భయం అక్కర్లేదు.

ఈరోజే పిల్లల డాక్టర్‌కు చూపించి మలేరియా, డెంగీ పరీక్షలు చేయించండి. మలేరియా కూడా మెదడుకెక్కుతుంది. పారాసెటమాల్ ఒక్కో మోతాదు 200 మి.గ్రా. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 4 మి.లీ., 125 ఉంటే 8 మి.లీ. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, సీసా మీద చదివి పోయండి. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుకు మించొద్దు. ఆస్పిరిన్ అసలే వద్దు.

టీకా కార్డులో 9 నెలలకు, 16-24 నెలల మధ్య జేఈ డోసులు పడ్డాయో లేదో చూసుకోండి. లేకుంటే జ్వరం తగ్గాక ఏఎన్ఎంను అడగండి.