పాఠకుల ప్రశ్నలు: శుక్రవారం చూసింది ఏది, ఆదివారం చూసింది ఏది?

1980 ఫిబ్రవరి 22న, శుక్రవారం, న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో, శీతాకాల ఒలింపిక్స్ ఐస్ హాకీ పోటీలో అమెరికా జట్టు సోవియట్ యూనియన్‌ను 4-3తో ఓడించింది. అమెరికా తరఫున ఆడినవారిలో ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్లు. అవతలివాళ్లు 1964 నుంచి వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినవాళ్లు. ఆ ఆటను చిన్నతనంలో టీవీలో చూసినవారు, చూసిన పెద్దవాళ్ల జ్ఞాపకాలను రాసిపెట్టుకోవాలనుకుంటున్నవారు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమెరికా తూర్పు తీరంలో ఉండేవాళ్లం. రాత్రి భోజనాలయ్యాక నాన్నగారి పక్కన కూర్చుని ఆ ఆటను లైవ్‌లో చూశానని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. మా అబ్బాయి లైవ్ కానే కాదంటాడు. ఎవరి మాట నిజం?

జవాబు: మీరు ఆట చూసిన మాట నిజం. లైవ్ అన్న ఒక్క ముక్క దగ్గర మీ అబ్బాయి చెప్పిందే సరైనది.

ఆట లేక్ ప్లాసిడ్‌లో సాయంత్రం 5 గంటలకు మొదలైంది. రాత్రి 8కి జరిపితే దేశమంతా చూస్తుందని ఆశపడ్డారు గానీ, అక్కడ రాత్రి 8 అంటే మాస్కోలో తెల్లవారుజామున 4. సోవియట్ పక్షం ఒప్పుకోలేదు. అందుకని ఏబీసీ చానల్ సాయంత్రం ఆటను రికార్డు చేసుకుని, రాత్రి 8 దాటాక ప్రసారం చేసింది. మధ్యమధ్యలో స్కేటింగ్, స్కీయింగ్ పోటీలు కూడా చూపించింది. ఆట ఇప్పటికే అయిపోయిందని, ఫలితం మాత్రం చెప్పబోమని ఆ రాత్రి కార్యక్రమం నడిపిన జిమ్ మెకే ముందే చెప్పారు. తొమ్మిదేళ్ల పిల్లల చెవికి ఆ మాట ఎక్కకపోవడంలో వింతేమీ లేదు. అప్పటికి పెద్దవాళ్లయినవారిలో కూడా లైవ్ చూశామనే నమ్మకం ఈనాటికీ ఉంది.

దానికి ఇంకో కారణం అల్ మైకేల్స్ వ్యాఖ్యానం. చివరి అయిదు సెకన్లలో ఆయన "అద్భుతాలను నమ్ముతారా? అవును!" అని అరిచింది ఆట జరుగుతున్నప్పుడే, ఐస్‌ను కళ్లతో చూస్తూనే. టేపు మీద తర్వాత పెట్టిన మాట కాదది. అందుకే ఆ గొంతులోని ఆత్రం ఎప్పుడు విన్నా అప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది.

ఎవరి జ్ఞాపకాన్నయినా సరిచూడాలంటే ఒక సులువైన పద్ధతి ఉంది. ఆట మొదలైనప్పుడు కిటికీ బయట వెలుగుందా, చీకటి పడిందా అని అడగండి. తూర్పు తీరంలో ఫిబ్రవరి చివర్లో సాయంత్రం 5కి ఇంకా వెలుగుంటుంది, 8కి చిమ్మచీకటి. భోజనాలయ్యాక చూశానని మీరే రాశారు కదా, అదే మీకు జవాబు. దీనికి ఒక మినహాయింపు ఉంది. కెనడాలో సీటీవీ చానల్ ఆటను నేరుగా ప్రసారం చేసింది. సరిహద్దుకు దగ్గరగా ఉండి ఆ చానల్ అందిన అమెరికా ఇళ్లలోవాళ్లు నిజంగానే లైవ్ చూశారు. మీరున్న ఊరు సరిహద్దుకు ఎంత దూరమో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: గోల్‌కీపర్ భుజాల మీద జెండా కప్పుకుని ప్రేక్షకుల్లో ఎవరికోసమో వెతకడం, కెప్టెన్ జట్టునంతా పతకాల మెట్టు మీదికి పిలవడం నాకు బాగా గుర్తు. ఇవన్నీ సోవియట్‌ను ఓడించిన రాత్రే కదా?

జవాబు: కాదు. ఆ రెండూ ఆదివారం, ఫిబ్రవరి 24 నాటివి. మాకు వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికంటే ఎక్కువమంది తడబడింది ఇక్కడే.

శుక్రవారం ఆట ఫైనల్ కాదు. ఆ ఏడాది ఫైనల్ అనే ఆటే లేదు. చివరికి మిగిలిన నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడిన ఆటల పాయింట్లు కూడి పతకాలు ఇచ్చారు. గెలుపుకు 2, డ్రాకు 1. గ్రూపు దశలో ఆ నాలుగింటిలో ఏ రెండు జట్లు ఆడినా ఆ ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అమెరికా తన మొదటి ఆటలో స్వీడన్‌తో 2-2 డ్రా చేసుకుంది. బిల్ బేకర్ 27 సెకన్లు మిగిలుండగా కొట్టిన గోల్‌తో దక్కిన ఆ ఒక్క పాయింటు ఇక్కడ పనికొచ్చింది. సోవియట్‌పై గెలుపుతో మొత్తం 3 అయింది. ఆదివారం ఉదయం 11 గంటలకు ఫిన్లాండ్‌తో ఆడాలి. అందులో ఓడితే, సోవియట్ తన చివరి ఆటలో స్వీడన్‌ను ఓడిస్తే స్వర్ణం సోవియట్‌దే. ఆ తర్వాత సోవియట్ స్వీడన్‌ను 9-2తో ఓడించింది కూడా.

ఐస్ హాకీ ఆట 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లుగా సాగుతుంది. ఫిన్లాండ్ ఆటలో రెండు పీరియడ్లు అయ్యేసరికి అమెరికా 1-2తో వెనకబడి ఉంది. మూడో పీరియడ్‌లో వెర్కోటా, మెక్‌క్లానహన్, మార్క్ జాన్సన్ ఒక్కో గోల్ కొట్టి 4-2 చేశారు. గోల్‌కీపర్ జిమ్ క్రెయిగ్ జెండా కప్పుకుని తండ్రికోసం వెతికింది ఈ ఆట ముగిశాకే. కెప్టెన్ మైక్ ఎరుజియోనీ సహచరులందరినీ మెట్టు మీదికి పిలిచింది ఆ తర్వాత పతకాలిచ్చినప్పుడు. ఇన్నేళ్లుగా టీవీల్లో శుక్రవారం కేకలు, ఆదివారం జెండా పక్కపక్కనే వేసి చూపిస్తూ వచ్చారు. రెండు రోజులు ఒకే రాత్రిగా అతుక్కుపోయింది అలాగే.

ప్రశ్న: సోవియట్ 39 సార్లు గోల్‌పై షాట్ కొట్టింది, అమెరికా 16 సార్లే. అయినా అమెరికా ఎలా గెలిచింది? కేవలం అదృష్టమేనా?

జవాబు: అదృష్టం అనేముందు లెక్కను పీరియడ్ల వారీగా విడదీయండి. మొదటి 20 నిమిషాల్లో సోవియట్ 18, అమెరికా 8. రెండో పీరియడ్‌లో 12, 2. మూడో పీరియడ్‌లో 9, 6. అంటే గెలుపు తేలాల్సిన చివరి 20 నిమిషాలకు వచ్చేసరికి సోవియట్ షాట్లు సగానికి తగ్గిపోయాయి, అమెరికావి రెండు నుంచి ఆరుకు పెరిగాయి.

కాళ్లలో సత్తువ ఎవరికి మిగిలిందన్నదే అసలు సంగతి. కోచ్ హెర్బ్ బ్రూక్స్ నెలల తరబడి జట్టును స్కేటింగ్‌తో సాన పెట్టారు. ఆయన పెట్టే పరుగు ఇలా ఉండేది: ఐస్ మీద అడ్డంగా గీసిన గీతల్లో, గోల్ గీత నుంచి దగ్గరి నీలిగీత దాకా వెళ్లి వెనక్కి, మధ్యగీత దాకా వెళ్లి వెనక్కి, అవతలి నీలిగీత దాకా వెళ్లి వెనక్కి, చివరికి అవతలి గోల్ గీత దాకా వెళ్లి వెనక్కి. ఆగకుండా ఇదంతా చేస్తే ఒక చుట్టు. అప్పటి ఒలింపిక్ రింక్ (ఆడే ఐస్ మైదానం) వెడల్పు 100 అడుగులు, అమెరికాలో వృత్తి ఆటగాళ్లు ఆడే రింక్ 85 అడుగులే. వెడల్పు పెరిగేకొద్దీ స్కేటింగ్ వచ్చినవాడిదే పైచేయి. ఇక ఆ ఒలింపిక్స్‌లో అమెరికా ఆడిన ఏడు ఆటల్లో ఆరింటిలో ముందు వెనకబడి తర్వాత పుంజుకుంది. ఒక్క ఆటలో జరిగితే అదృష్టమనవచ్చు, ఆరు ఆటల్లో జరిగితే అది తయారీ.

39 షాట్లలో 36 ఆపిన క్రెయిగ్ లేకపోతే ఈ లెక్కలేవీ నిలవవు, అదీ నిజమే.

పదమూడు రోజుల ముందు, ఫిబ్రవరి 9న, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇవే జట్లు స్నేహపూర్వక ఆట ఆడాయి. సోవియట్ 10-3తో గెలిచింది. శుక్రవారం ఎవరూ అమెరికాను లెక్కలోకి తీసుకోకపోవడానికి ఆ స్కోరు చాలు.

ప్రశ్న: ప్రపంచంలోకెల్లా గొప్ప గోల్‌కీపర్, సోవియట్ ఆటగాడు ట్రెట్యాక్‌ను ఆట మధ్యలో ఎందుకు దించేశారు?

జవాబు: మొదటి పీరియడ్ చివరి గోల్ చూస్తే తెలుస్తుంది. సోవియట్ 2-1తో ముందుంది. గడియారంలో కొన్ని సెకన్లే మిగిలాయి. డేవ్ క్రిస్టియన్ దాదాపు 100 అడుగుల దూరం నుంచి, ఏదో ఒకటి కొట్టి పీరియడ్ ముగిద్దామన్నట్టు పక్‌ను (బంతి బదులు వాడే గుండ్రటి నల్లబిళ్లను) బాదాడు. ట్రెట్యాక్ ఆపాడు గానీ, పక్‌ను పక్కకు నెట్టకుండా నేరుగా తన ముందుకే వదిలేశాడు. పీరియడ్ అయిపోయిందనుకుని ఇద్దరు సోవియట్ డిఫెండర్లు స్కేటింగ్ ఆపేశారు. మార్క్ జాన్సన్ మాత్రం ఆగలేదు. వాళ్లిద్దరి మధ్యలోంచి దూసుకొచ్చి పక్ అందుకుని, ట్రెట్యాక్‌ను ఒక పక్కకు ఒరిగేలా చేసి, రెండో పక్క నుంచి వేసేశాడు. మిగిలింది ఒక్క సెకను. 2-2.

కోచ్ విక్తోర్ తిఖోనోవ్ వెంటనే ట్రెట్యాక్‌ను దించి వ్లాదిమిర్ మిష్కిన్‌ను పెట్టారు. ఆ నిర్ణయం తప్పనే మా అభిప్రాయం. మిష్కిన్ చేతగానివాడని కాదు. రెండో పీరియడ్‌లో అతను ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. కానీ ట్రెట్యాక్ బయటికి వెళ్లడం చూసిన అమెరికా కుర్రాళ్లకు, తాము అతన్ని బయటికి పంపగలిగామన్న ధైర్యం చిక్కింది.

ప్రశ్న: 1980 ఒలింపిక్ హాకీలో 4-3తో గెలిచింది భారత్ కదా? మీరు అమెరికా అంటున్నారేమిటి?

జవాబు: రెండూ నిజమే. మీరంటున్నది అదే ఏడాది జులైలో మాస్కో వేసవి ఒలింపిక్స్. మైదానంలో ఆడే హాకీ ఫైనల్‌లో భారత్ స్పెయిన్‌ను 4-3తో ఓడించింది. ఆ ఒలింపిక్స్‌ను అమెరికా బహిష్కరించింది. స్కోరు, ఏడాది కలిసిపోవడం వల్ల చాలామందికి ఈ అయోమయం వస్తుంది.

ప్రశ్న: మా మామగారు ఆ ఆట చూశారు. ఆయన జ్ఞాపకాలు రికార్డు చేయాలనుంది. మొదట వీడియో చూపించి అడగమంటారా?

జవాబు: వద్దు. వీడియో ముందు చూపిస్తే ఆయన తన జ్ఞాపకం బదులు వీడియోలో చూసిందే చెబుతారు, ఆయనకు తెలియకుండానే. ముందు మాట, తర్వాత వీడియో.

ఒంటరిగా కూర్చోబెట్టండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిస్తే గట్టిగా చెప్పినవాళ్ల మాటే అందరి జ్ఞాపకం అయిపోతుంది. అత్తగారిని కూడా అడగాలనుకుంటే ఇంకో రోజు, ఇంకో గదిలో అడగండి. ఫోను ఆయనకు మీకు మధ్యలో, ఫ్యాను గాలి తగలని చోట పెట్టండి. అరగంట మించకండి, అలిసిపోతే మాటలు ముక్తసరిగా వస్తాయి.

ఆట గురించి మొదలుపెట్టకండి, గది గురించి మొదలుపెట్టండి. టీవీ ఏ గోడ దగ్గర ఉండేది, మీరెక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరు, బయట చీకటా, మర్నాడు సెలవా? ఆ తర్వాతే ఆట. "అమెరికా గెలిచాక ఏడ్చారా?" అని అడిగితే ఆయన మర్యాదకోసం అవునంటారు. "గెలిచాక గదిలో ఏం జరిగింది?" అని అడిగి ఊరుకోండి. ఆయన ఆగినప్పుడు మీరు మాట అందించకండి, ఓ పది సెకన్లు చూడండి. మంచి సంగతులు ఆ మౌనం తర్వాతే వస్తాయి.

రాసుకునేటప్పుడు ఆయన మాటను ఆయన అన్నట్టే ఉంచండి, తప్పున్నా దిద్దకండి. సరిచూసిన వివరాన్ని పక్కన వేరే రంగులో రాయండి. లైవ్ చూశానని ఆయన అన్నారంటే, ఆ ఇంట్లో ఆ రాత్రి ఫలితం ఎవరికీ ముందు తెలియదని అర్థం. అది కూడా పోగొట్టుకోకూడని సమాచారమే. చివర్లో తేదీ, చోటు, మాట్లాడినవారి పేరు ఫైలు పేరులోనే పెట్టండి.

ప్రశ్న: మా పిల్లలకు పన్నెండేళ్లు, పదేళ్లు. ఐస్ హాకీ అసలు తెలియదు. ఆ ఆట చూపిస్తే విసుగెత్తకుండా చూస్తారా?

జవాబు: చూస్తారు, పక్ ఎక్కడుందో కనిపిస్తే. పాత రికార్డింగులో అది చిన్న నల్లచుక్క. పక్ వెంట పడవద్దని, ఆటగాళ్ల కర్రలు ఎటు తిరుగుతున్నాయో చూడమని చెప్పండి. ముందుగా రెండు నియమాలు చెబితే చాలు. తప్పు చేసిన ఆటగాడు మామూలుగా రెండు నిమిషాలు బయట కూర్చుంటాడు, ఆ సమయంలో అవతలి జట్టుకు ఒక మనిషి ఎక్కువ. రెండోది, పక్ కంటే ముందు ఎవరూ అవతలి నీలిగీత దాటకూడదు.

అంతా ఒకే బిగిన వేయకండి. మొదటి పీరియడ్ చివరి మూడు నిమిషాలు చూపించి ఆపండి. రెండో పీరియడ్ మొదట్లో మాల్త్సెవ్ గోల్‌తో సోవియట్ 3-2 అయిందని మాటల్లో చెప్పండి. మూడో పీరియడ్ మాత్రం పూర్తిగా చూపించండి. ఆ పీరియడ్ మొదలయ్యాక 8:39 నిమిషాల దగ్గర, అమెరికాకు ఒక మనిషి ఎక్కువున్నప్పుడు జాన్సన్ 3-3 చేస్తాడు. సరిగ్గా 10:00 దగ్గర పావెలిచ్ గోడవైపు నుంచి పడిపోతూ పక్‌ను మధ్యకు నెడతాడు. అప్పుడే ఐస్ మీదికి వచ్చిన ఎరుజియోనీ దాన్ని అందుకుంటాడు. ఆ క్షణంలో వీడియో ఆపి, గోల్‌కీపర్‌కు ఎదురుగా ఎవరు నిలబడ్డారో పిల్లల్నే అడగండి. అది సోవియట్ డిఫెండర్ పెర్వుఖిన్. తన మనిషే అడ్డుగా ఉండటంతో మిష్కిన్‌కు పక్ ఆలస్యంగా కనిపించింది.

ఇంకా పది నిమిషాలు మిగిలాయి. చివరి నిమిషంలో సోవియట్ గోల్ దగ్గర మిష్కిన్ ఉన్నాడో లేదో చూడమనండి. ఒక గోల్ వెనకబడిన జట్టు సాధారణంగా గోల్‌కీపర్‌ను దించి ఇంకో దాడి ఆటగాడిని పంపుతుంది. తిఖోనోవ్ ఆ పని చేయలేదు, మిష్కిన్ చివరిదాకా అక్కడే నిలబడి ఉంటాడు.