పాపతో కలిసి చూసే సినిమాలు

నెల్లూరు.

అమ్మాయీ,

పాపకి పదకొండేళ్ళు నిండాయని, కార్టూన్ పెడితే "చిన్నపిల్లల్ది నాకెందుకమ్మా" అంటోందని, పోనీ మన సినిమాలు పెడదామంటే ఏ నిమిషంలో ఏ సీన్ వస్తుందోనని రిమోట్ చేత్తో పట్టుకుని కూర్చోవాల్సి వస్తోందని ఫోన్లో అన్నావు. అప్పుడు తీరిగ్గా మాట్లాడటం కుదరలేదు. ఆడపిల్లల్ని పెంచి, ఇప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మనవరాళ్ళందరినీ ఇంట్లో పెట్టుకునేదాన్ని కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముద్దు సీన్ ఉందా, రక్తం ఉందా అని చూసుకోవడం అవసరమే. కానీ ఈ వయసు ఆడపిల్ల దగ్గర నేను అంతకంటే ముందు చూసేది, ఆ సినిమాలో ఎవరిని చూసి నవ్వుతున్నారు అని. ముద్దు సీన్ వస్తే పిల్లే ఛీ అని దిండు అడ్డం పెట్టుకుంటుంది. నవ్వొచ్చినప్పుడు అడ్డం పెట్టుకోదు. లావుగా ఉన్న అమ్మాయి కుర్చీలో కూర్చుంటే కుర్చీ విరిగిందనుకో, అందరూ నవ్వుతారు, తనూ నవ్వుతుంది. రాత్రి అన్నం దగ్గర "నాకు చాలమ్మా" అంటుంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని మనకి తట్టదు. సరదా సినిమాల్లో మనం ఏమరుపాటుగా ఉంటాం కాబట్టి వాటినే ఇంకొంచెం జాగ్రత్తగా ఎంచుకోవాలంటాను.

సెన్సార్ సర్టిఫికెట్ సంగతి కూడా తెలుసుకో. పెద్దవాళ్ళు చూసుకుని పిల్లలకి చూపించొచ్చు అని ఇచ్చే యూఏ అనేదాన్ని 2024 నవంబరు నుంచి 7+, 13+, 16+ అని మూడుగా చేశారు. 13+ అని ఉంటే పాపని గేటు దగ్గర ఆపుతారని కాదు, ఆ వయసు లోపు పిల్లకి చూపించాలా వద్దా అన్నది నువ్వు ఆలోచించుకోవాలని. హాల్లో బొమ్మ పడేముందు సర్టిఫికెట్ వేస్తారు గానీ అప్పటికి ఆలస్యం అయిపోతుంది, టికెట్ బుక్ చేసేటప్పుడే చూసుకో. అయితే నల్లగా ఉన్న స్నేహితురాలిని ఎన్నిసార్లు వెక్కిరించారో సర్టిఫికెట్ చెప్పదు. హీరో బస్టాండు దాకా వెంటపడి, విసిగించి, చివరికి ఆ పిల్ల చేతే ప్రేమిస్తున్నానని చెప్పించుకుంటే అందులో రక్తమూ లేదు, బూతూ లేదు. కుటుంబ సమేతంగా చూడండి అని పోస్టర్ మీద వేస్తారు.

మన సినిమాల్లో పదేళ్ళ ఆడపిల్ల ఉందంటే హీరో కూతురో చెల్లెలో అయి ఉంటుంది. ఆ పిల్లని ఎవరో ఎత్తుకుపోవడానికి పెడతారు, లేదా మనల్ని ఏడిపించడానికి పెడతారు. కథంతా తనదే అయిన సరదా సినిమా ఏదని అడిగితే చటుక్కున చెప్పలేం. 1996లో వచ్చిన లిటిల్ సోల్జర్స్ నాకు ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే అందులో అమ్మా నాన్నా చనిపోతారు, అది ముందే చెప్పి పెట్టు. అందుకే బయటి సినిమాలూ వెతుక్కోవాల్సి వస్తోంది.

ది ప్రిన్సెస్ డైరీస్ అని 2001లో వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో తల్లితో ఉండే పదిహేనేళ్ళ అమ్మాయికి, తను ఒక చిన్న దేశానికి యువరాణి అని ఒకరోజు నాయనమ్మ వచ్చి చెబుతుంది. పేరుకి అన్ని వయసుల పిల్లలూ చూడదగ్గ సినిమా. నాయనమ్మకీ మనవరాలికీ మధ్య మాటలు చాలా బాగుంటాయి, నవ్వూ బోలెడంత ఉంటుంది. అందులో ఒక సీన్ ఉంది. అలంకరణ చేసేవాడు వస్తాడు, ఆ పిల్ల ఒత్తైన ఉంగరాల జుట్టులో పెట్టిన దువ్వెన విరిగిపోతుంది, కళ్ళద్దాలు కూడా విరగ్గొడతాడు. చివరికి తెర తీసేసరికి జుట్టు నున్నగా సాగి, అద్దాలు పోయి, అందగత్తె అయిపోయి ఉంటుంది.

మా పెద్ద మనవరాలిది అచ్చం అలాంటి జుట్టు. దువ్వెన విరగ్గానే అందరితో పాటు తనూ గట్టిగా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి జడ మీదకి పోయింది, జడ చివర పట్టుకుని సినిమా అయిపోయేదాకా వదల్లేదు. మర్నాడు తలకి నూనె పెడుతుంటే "అమ్మమ్మా, మామయ్య పెళ్ళికి నాకు స్ట్రెయిటెనింగ్ చేయిస్తారా" అంది. చేయిస్తానని గానీ, నీ జుట్టే బాగుందే పిచ్చిదానా అని గానీ నేను అనలేదు. పిల్లలు అలాంటి మాటలు ఇంట్లోవాళ్ళు అంటే నమ్మరు. "ఆ పిల్లకి ముందు స్నేహితురాలు ఉండేది కదా, ఆ జుట్టు చూసే స్నేహం చేసిందా" అని అడిగాను. "కాదు, జుట్టు మార్చుకున్నందుకు ముందు కోప్పడింది కదా" అంది. కాసేపాగి ఆ పిల్ల స్నేహితురాలి గురించి, తర్వాత తన క్లాసులో ఎవరెవరు ఏమేమంటారో అన్నీ చెప్పుకొచ్చింది. ఉంగరాల జుట్టుని క్లాసులో ఏమని పిలుస్తారో మా అమ్మాయికి కూడా అప్పటిదాకా తెలియదు. ఆ సీన్ ఉందని సినిమా మానేసి ఉంటే ఈ మాట బయటికి వచ్చేదే కాదు. అందుకే సినిమా చూపించు గానీ ఆ సీన్ వచ్చినప్పుడు నువ్వు టీవీ వైపు చూడకు, పాప వైపు చూడు.

ఇంకోటి కూడా ఉంది అందులో. పేరున్న అబ్బాయి ఒకడు కెమెరాల ముందు ఆ పిల్లని ముద్దు పెట్టుకుంటాడు, ఫోటోలో పడదామని. ఆ తర్వాత తోటి అమ్మాయిలు ఆ పిల్ల బట్టలు మార్చుకుంటున్న గుడారాన్ని పడగొడితే, తువ్వాలు చుట్టుకుని ఉండగానే ఫోటోలు తీసేస్తారు. తెల్లారి పేపర్లో వస్తుంది. ఇప్పుడు పేపరు దాకా అక్కర్లేదు, క్లాసులో ఒక్క పిల్ల దగ్గర ఫోన్ ఉన్నా చాలు. అడగకుండా ఎవరూ ఫోటో తీయకూడదు, తీస్తే అమ్మకి చెప్పాలి, నిన్నేమీ అనను అని చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఒక్క మాటలో చెప్పి ఊరుకో, ఉపన్యాసం వద్దు.

లేత మనసులు నీకు గుర్తుండే ఉంటుంది, మీ అమ్మ పదేపదే చెప్పేది. 1966లో వచ్చింది, విడిపోయిన జమునా హరనాథ్‌లని కలపడానికి కవలలు ఒకరి ఇంటికి ఒకరు మారిపోతారు, రెండు వేషాలూ కుట్టి పద్మినే. అదే కథ హాలీవుడ్‌లో ది పేరెంట్ ట్రాప్ అని 1961లో ఒకసారి, 1998లో మరోసారి తీశారు. అసలు మూలం 1949 నాటి ఒక జర్మన్ పిల్లల నవల. పాత తెలుగుదీ 98 నాటిదీ రెండూ పాపకి నచ్చుతాయి, నిశ్చింతగా పెట్టు. కానీ పాపతో ఆడుకోవడానికి వచ్చే పక్కింటి పిల్ల ఉందే, వాళ్ళ అమ్మా నాన్నా విడిగా ఉంటున్నారన్నావు కదా, ఆ పిల్ల ఉన్నప్పుడు మాత్రం ఇది పెట్టకు. మనకి అది సరదా కథ. అలాంటి ఇంట్లో పిల్లకి, నేను గట్టిగా ప్రయత్నిస్తే అమ్మా నాన్నా కలుస్తారు అన్నట్టు వినపడుతుంది. కలవకపోతే తప్పు తనదే అనుకుంటుంది. ఎవరు పక్కన కూర్చుంటున్నారో చూసుకుని సినిమా పెట్టాలి.

మీరు కావలి వదిలి ఒంగోలు వచ్చి ఏడాది కాలేదు. పాప స్కూల్ మారింది, వీధి మారింది, స్నేహితులు అక్కడే ఉండిపోయారు. అందుకే ఇన్‌సైడ్ అవుట్ ముందు పెట్టు. 2015లో వచ్చిన బొమ్మల సినిమా, అయినా కార్టూన్ అని తీసిపారేయదులే. అందులో రైలీకి పదకొండేళ్ళే. మిన్నెసోటా నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ఇల్లు మారతారు. తీసిన పీట్ డాక్టర్‌కి, తన సొంత కూతురు ఆ వయసులో ఉన్నట్టుండి మాటలు తగ్గించడం చూసి ఈ కథ తట్టిందట. రాత్రి పడుకోబోయే ముందు తల్లి వచ్చి, నాన్నకి పని ఒత్తిడిగా ఉంది, మనిద్దరం నవ్వుతూ ఉంటే ఆయనకి సాయంగా ఉంటుంది అంటుంది. ఎంతో ప్రేమగా అంటుంది. ఆ మాట పట్టుకునే పిల్ల తన దిగులంతా లోపల దాచేసుకుంటుంది. బదిలీ అయినప్పటి నుంచి మనమూ పాపతో "నాన్నని విసిగించకు, చక్కగా సర్దుకో" అనే అంటున్నాం కదమ్మా. అల్లుణ్ణి కూడా ఆ పూట ఫోన్ పక్కన పెట్టి కూర్చోమను. చివర్లో ఆ పిల్ల మా ఊరు గుర్తొస్తోంది అని ఏడిస్తే, మాకూ గుర్తొస్తోందని తల్లీ తండ్రీ దగ్గరికి తీసుకుంటారు. అక్కడ నీకు ఏడుపొస్తే దాచుకోకు.

టర్నింగ్ రెడ్ మాత్రం నువ్వు ఒక్కదానివే ముందు చూడు. 2022లో వచ్చింది. టొరంటోలో ఉండే చైనా కుటుంబం వాళ్ళ పదమూడేళ్ళ పిల్ల, మనసు కుదురు తప్పినప్పుడల్లా పెద్ద ఎర్ర పాండా అయిపోతుంది. తల్లి అది పెద్దమనిషి అవ్వడమనుకుని ప్యాడ్ల డబ్బా పట్టుకుని స్కూల్ కిటికీ దగ్గరికే వచ్చేస్తుంది. మంచం కింద పిల్ల దాచుకున్న నోట్‌బుక్ తీసి, అందులో బొమ్మలు పట్టుకుని షాపులో పనిచేసే కుర్రాడి దగ్గరికి పోయి కేకలేస్తుంది, పిల్ల ఎదురుగానే. ఆ పిల్ల తల్లికి అబద్ధాలు కూడా చెబుతుంది కాబట్టి నీకు కోపం రావచ్చు. వచ్చినా చివరిదాకా చూడు. మన వైపు పిల్ల పెద్దమనిషైతే చిమ్మిలి చేస్తాం, ఓణీల ఫంక్షన్ చేస్తాం, ఫ్లెక్సీలు కూడా కట్టిస్తున్నారు. అంతకు ముందు ఒంట్లో ఏం జరగబోతోందో పిల్లకి నెమ్మదిగా చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. పాపకి చెప్పాల్సిన సమయం వచ్చేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక వాయిదా వేస్తున్నావని నాకు తెలుసు. ఈ సినిమా చూస్తే పాపే ఏదో ఒకటి అడుగుతుంది, అడగ్గానే చెప్పేసెయ్. మీ అత్తగారు పక్కన లేని పూట చూసుకో.

మిగతా సినిమాలకి మాత్రం మీ అత్తగారు ఉండటమే మంచిది. ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి సినిమా అయిపోయాక కథంతా నాయనమ్మకి చెప్పమని పాపతో అను. ఏం నేర్చుకున్నావు, నీతి ఏంటి అని నువ్వు అడిగితే స్కూల్లో చెప్పినట్టు చెబుతుంది. నాయనమ్మకి చెప్పేటప్పుడు తనకి నచ్చినవి సాగదీస్తుంది, ఇబ్బంది పెట్టినవి గబగబా దాటేస్తుంది. నువ్వు వంటింట్లో పని చేసుకుంటూ విను. ఏది దాటేసిందో గుర్తుపెట్టుకో, దాని గురించి నాలుగు రోజులాగి మాట్లాడొచ్చు.

టీవీలో పాపకి వేరే ప్రొఫైల్ పెట్టి, నీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టుకో. అది అరగంట పని, అల్లుడు చేసేస్తాడు. సినిమా మధ్యలో ఇబ్బందైన సీన్ వస్తే గబుక్కున ఛానల్ మార్చకు, పాప అదే వెతుక్కుంటుంది. "ఇది మనకొద్దులే" అని మామూలుగా చెప్పి ముందుకు జరుపు.

ఈ ఆదివారం ఇన్‌సైడ్ అవుట్ పెట్టండి. టర్నింగ్ రెడ్ నువ్వు చూశాక నాకు ఫోన్ చెయ్యి, పాపకి ఇప్పుడే చూపించాలా ఏడాది ఆగాలా అన్నది మాట్లాడుకుందాం. సెలవులివ్వగానే పాపని ఇక్కడికి పంపు, మా మనవరాళ్ళు కూడా వస్తారు. లేత మనసులు నేనే దగ్గర కూర్చుని చూపిస్తాను.

నీ పెద్దమ్మ