మేలో వంజరం అడగకండి, సోమవారం కుర్సురాకి వెళ్ళకండి

సెలవుల్లో విశాఖలో ఎక్కడికెళ్ళాలి, ఏం తినాలి అంటూ పాఠకులు అడిగిన వాటిలో కొన్ని ప్రశ్నలకు ఈ వారం జవాబులు. సమయాలు, టికెట్ల ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలు వస్తున్నారు. ఒక్క సాయంత్రమే ఉంది. బీచ్ రోడ్డులో ఏం చూపించొచ్చు? – ఒక గృహిణి, గాజువాక

ఆ సాయంత్రం సోమవారం కాకుండా చూసుకోండి. కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి ఆ రోజు సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు దాటాకే తెరుస్తారు, ఆదివారాలు పొద్దున్నుంచే ఉంటుంది. అలాగని ఆదివారం సాయంత్రం ఆరుకు వెళితే క్యూలోనే పొద్దుపోతుంది. మూడు గంటలకల్లా అక్కడుంటే ఎండ తప్ప వేరే ఇబ్బంది లేదు.

సోవియట్ యూనియన్‌లో తయారైన కుర్సురా 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విధుల నుంచి తప్పుకుని, 2002లో మ్యూజియమైంది. పొడవు 91 మీటర్లు. లోపల ఒక అరలోంచి మరో అరలోకి వెళ్ళాలంటే గుండ్రటి ఇరుకు ద్వారంలోంచి నడుం వంచి, కాలెత్తి దాటాలి. పిల్లలకు అదే సరదా, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అదే శిక్ష. పెద్దవాళ్ళు చీరతో, పంచెతో దాటడం ఇంకా కష్టం. మీ అత్తమామలను బయట కూర్చోబెట్టి, పిల్లలతో మీరు వెళ్ళండి. లోపల వివరించేది ఎక్కువగా నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళే. టార్పెడో గొట్టాల దగ్గర, వంటగది దగ్గర ఆగి అడిగితే బాగా చెబుతారు. చాలామంది ఫొటోలు తీసుకుంటూ పావుగంటలో బయటపడిపోతారు.

రోడ్డుకి అవతలే నేవీ పాత విమానం టీయూ-142 మ్యూజియంగా ఉంది. అక్కడ తిరగడం పెద్దవాళ్ళకూ తేలికే, రెండూ కలిపి గంటన్నర చాలు. ఆ తర్వాత ఇసుక మీద మురీ మిక్చర్. బండివాణ్ణి ముందే కలిపి పెట్టినది కాకుండా మీ ముందే ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండి కలపమనండి. కలిపాక ఐదు నిమిషాలాగితే మురీలు మెత్తబడిపోతాయి కాబట్టి పార్సిల్ పనికిరాదు.

ప్రశ్న: మే నెలలో చుట్టాలను సీఫుడ్ హోటల్‌కి తీసుకెళితే వంజరం ఫ్రై పీచుపీచుగా, వాసనగా ఉంది. సముద్రం పక్కనే ఉండి ఇదేం ఖర్మ? – ఒక బ్యాంకు ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

లోపం ఆ నెలదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ రోజుల్లో మరబోట్లను, ఇంజన్ పడవలను సముద్రంలోకి వెళ్ళనివ్వరు. ఇంజన్ లేని తెప్పలకు మినహాయింపు ఉంటుంది కానీ అవి తెచ్చేది కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలే ఎక్కువ. అందుకే మేలో మీ పళ్ళెంలోకి వచ్చిన వంజరం ఏ శీతల గిడ్డంగిలోంచో, ఎక్కడో దూరం నుంచో వచ్చి ఉంటుంది. గడ్డకట్టి కరిగిన చేపలో నీరు ఊడిపోతుంది, వేయించేసరికి పీచులా తయారవుతుంది. ఆ రెండు నెలలూ చెరువు సరుకు తినడమే తెలివి. పండుగప్ప, రొయ్యలు, కొరమీను అప్పుడూ తాజాగానే దొరుకుతాయి.

మిగతా నెలల్లో కూడా హార్బర్‌లో కొన్న చేపంతా ఆ రోజుదే అనుకోకండి. పెద్ద మరబోట్లు రోజుల తరబడి సముద్రంలోనే ఉండి వస్తాయి. వాటిలో మొదటి రోజు పట్టిన చేప ఒడ్డుకు చేరేసరికి ఎన్నో రోజులు ఐసులో ఉన్నట్టే. ఫైబర్ పడవలు మాత్రం సాధారణంగా రాత్రి వెళ్ళి పొద్దున్నే వచ్చేస్తాయి. అందుకే అమ్మే ఆవిణ్ణి 'తాజాదేనా' అని అడగడం దండగ, ఎవరైనా అవుననే అంటారు. 'బోటు చేపా, ఫైబర్ పడవదా?' అని అడగండి. ప్రశ్నలోనే మీకు తెలుసని తెలిసిపోతుంది.

తెల్లవారుజామున జరిగే వేలం వ్యాపారులది, గంపల లెక్కన సాగుతుంది. మనకు కావలసిన రెండు కిలోలు ఆ పక్కనే కూర్చుని అమ్మే ఆడవాళ్ళ దగ్గర దొరుకుతాయి. ఆరున్నర, ఏడు లోపు వెళ్ళండి. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. లోపలికి పోయి పాలరంగుకి తిరిగితే వద్దు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. రంగు పూశారేమోనని అనుమానమొస్తే తెల్ల కాగితంతో ఒత్తి చూడండి. పొట్ట మీద వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. కోసి పెట్టిన ముక్కలు కొనొద్దు. ముక్కలయ్యాక వంజరమో, దాని పోలికలున్న ఇంకో చేపో చెప్పడం కష్టం. చేప మొత్తంగా తూకం వేయించి మీ ఎదుటే కోయించండి. తల, పేగులు, రెక్కలు పోగా పావు వంతుకు పైగా తరుగు పోతుంది. నలుగురికి పులుసు, వేపుడు రెండూ కావాలంటే ఒకటిన్నర కిలో చేప తీసుకోవాలి. కోతకూలి వేరే. మందపాటి సంచీ, ఐసు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. ఇంటి దాకా స్కూటరు మీద ఎండలో తెస్తే తాజా చేప కూడా పాడవుతుంది.

హోటల్లో అయితే మెనూ తెరవకముందే 'ఇవాళ ఏం చేప వచ్చింది?' అనండి. ఒకటి రెండు పేర్లు చెబితే మంచి హోటల్. 'అన్నీ ఉన్నాయి సార్' అంటే చికెన్ చెప్పండి. అపోలో ఫిష్ లాంటివి వద్దంటాం. ఆ మసాలా, పిండిపూత కింద ఎప్పటి చేపైనా దాక్కుంటుంది. పులుసు, లేదంటే ముక్క కనిపించే తవా ఫ్రై, దొరికితే సొర పిట్టు. వీటిలో మోసం దాగదు.

ప్రశ్న: అరకు అద్దాల రైల్లో ఒక్కరోజులో వెళ్ళొచ్చా? బొర్రా గుహలు కూడా చూడాలి. – ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, మధురవాడ

వెళ్ళొచ్చు. కానీ వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు పెట్టుకోండి. విశాఖపట్నం–కిరండూల్ పాసింజర్ పొద్దున్న ఏడు లోపే బయల్దేరి పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. దారిలో పదుల కొద్దీ సొరంగాలు, 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషను. తిరుగు రైలు అరకు నుంచి సాయంత్రం కాబట్టి చలికాలంలో లోయలు రాకముందే చీకటి పడిపోతుంది. అంత డబ్బు పెట్టి అద్దాల్లో మన ముఖాలే చూసుకోవాలి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల టికెట్లు ఎక్కువసేపు నిలవవు. మంగళ, బుధవారాలు చూడండి.

చాలామంది చేసే పొరపాటు ఇది: ముందు అరకు వెళ్ళి, అన్నీ తిరిగి, సాయంత్రం దిగుతూ బొర్రా చూద్దామనుకుంటారు. గుహలు ఐదింటికల్లా మూసేస్తారు. చాపరాయి దగ్గర నీళ్ళలో ఆడుతూ ఆలస్యమైతే గేటు చూసి రావలసిందే. మోకాళ్ళ బాధ లేని కుర్రవాళ్ళు కాబట్టి మీరు బొర్రా గుహలు స్టేషన్లోనే దిగిపోండి. పదిన్నరకల్లా గుహల్లో ఉంటారు, రద్దీ తక్కువ. లోపల మెట్లు తడిగా జారుతుంటాయి, స్లిప్పర్లతో వెళ్ళొద్దు. అక్కడి నుంచి జీపులో అరకు సుమారు 35 కిలోమీటర్లు. జీపు మాట్లాడేటప్పుడు 'అన్నీ చూపిస్తాం' అనే మాటకు ఒప్పుకోవద్దు. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి అని పేర్లు చెప్పించుకోండి, ఒక్కోచోట ఎంతసేపు ఆగాలో, విశాఖలో ఎక్కడ దింపాలో కూడా. రాత్రి ఘాట్ దిగకుండా నాలుగింటికి అరకు వదలండి. వాంతులయ్యేవాళ్ళు మాత్ర వేసుకోవలసింది వంపులు మొదలయ్యాక కాదు, జీపు ఎక్కడానికి అరగంట ముందు.

బొంగులో చికెన్ చెప్పి చాపరాయికి వెళ్ళి, తిరిగొచ్చి తినడం పద్ధతి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి అడ్డాకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చడానికి ముప్పావు గంట దాకా పడుతుంది. నూనె అక్కర్లేదు, పచ్చి వెదురులోని తడికే ఉడుకుతుంది. ఎండిన బొంగు పగులుతుంది, మాంసం మాడుతుంది. 'రెండు నిమిషాల్లో ఇస్తాం' అన్నారంటే ముందే ఉడికించిన కూరను బొంగులో పోసి వేడిచేస్తున్నారన్నమాట. బొంగు కొత్తగా కోయడం చూసి ఆర్డరివ్వండి.

ప్రశ్న: పిల్లలు సముద్రస్నానం అంటున్నారు. ఆర్కే బీచా, రుషికొండా? – ఒక తండ్రి, పెందుర్తి

రుషికొండే, అదీ లైఫ్‌గార్డులు ఉన్న వేళ, వాళ్ళు చూపిన హద్దులో. ఆర్కే బీచ్‌లో, యారాడలో పాదాలు తడుపుకుని వచ్చేయండి. ఒడ్డు దాటగానే లోతు పెరుగుతుంది, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. అటూ ఇటూ అలలు విరిగి నురగలొస్తుంటే, మధ్యలో ఒకచోట నీళ్ళు నిశ్శబ్దంగా, ముదురు రంగులో కనిపిస్తాయి. తెలియనివాళ్ళు అదే మంచి చోటనుకుని దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా వెనక్కి పోయే దారి అది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, అలలు విరిగే చోటికొచ్చి అప్పుడు బయటపడాలి. ఈత రానివాళ్ళు తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. మీరు మోకాలి లోతు దాటనివ్వకపోతే ఇదంతా అవసరం రాదు.

ప్రశ్న: డబ్బు పెద్దగా ఖర్చు కాకుండా ఒక పూట షికారు చెప్పండి. – ఇద్దరు స్నేహితులు, అక్కయ్యపాలెం

భీమిలి వెళ్ళే 900కె సిటీ బస్సు ఎక్కండి. పొద్దున్నే తొట్లకొండ దగ్గర దిగితే కొండపైకి నడక. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున బౌద్ధ విహారం పునాదులు, వాన నీటికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. పైన నీడ తక్కువ, నీళ్ళు తీసుకెళ్ళండి. మళ్ళీ బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బలు. దిబ్బల అంచులెక్కి ఫొటోలు దిగొద్దు. అది గట్టి రాయి కాదు, ఇసుక, కాలు కింద జారిపోతుంది. వానపడిన మర్నాడు అసలు వద్దు. భీమిలిలో డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసి, పన్నెండింటికి తిరుగు బస్సు.

ప్రశ్న: హోటల్ బిల్లులో సర్వీస్ ఛార్జి వేస్తున్నారు. ఇవ్వక తప్పదా? – ఒక పాఠకుడు, సీతమ్మధార

ఇవ్వనక్కర్లేదు. బిల్లులో దాన్ని దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. జీఎస్టీ వేరు, అది కట్టాలి. మామూలు రెస్టారెంట్లలో అది 5 శాతం. సర్వీస్ ఛార్జి తీసేసి కొత్త బిల్లు ఇమ్మని కౌంటర్లో మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే బిల్లు ఫొటో తీసుకుని 1915కి ఫోన్ చేయొచ్చు. వడ్డించిన అబ్బాయికి ఏమైనా ఇవ్వాలనిపిస్తే అతని చేతికే ఇవ్వండి.