గొలుసు రిపోర్టులో రుథేనియం 0.8 శాతం అని వచ్చింది, కల్తీయేనా?

చెన్నై షావుకారుపేటలో కొన్న 22 క్యారెట్ల గొలుసు అంటున్నారు కదా, ముందు దాని మీద నల్ల పూత ఉందేమో చూడండి. నల్లటి మెరుపు కోసం ప్లాటినం కుటుంబపు లోహమైన రుథేనియంతో ప్లేటింగ్ వేస్తారు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషను (ఎక్స్-రేలతో లోహాల శాతం చెప్పే యంత్రం) పైపై కొన్ని మైక్రాన్లే చదువుతుంది, కాబట్టి ఆ పూతే అంకెగా కనబడుతుంది. ఒక లింకును పక్కగా ఆకురాయితో రాయించి, సరిగ్గా అక్కడే మళ్లీ చదివించండి.

లోపలా అంతే ఉంటే కల్తీ అనే అనుమానించాలి. బంగారం 1064 డిగ్రీలకే కరుగుతుంది, రుథేనియానికి దాదాపు 2334 డిగ్రీలు కావాలి. మూసలో పొడి వేసినా కలిసిపోదు, సన్న గింజలుగా చెదిరి ఉంటుంది. పాలిష్ పడితే ఆ గింజల వెనక తోకచుక్కల్లా గీతలు పడతాయి. తీగ లాగితే అక్కడ తెగే ప్రమాదం ఉంది. గీటురాయిని నమ్ముకుంటే ఇది దొరకదు.

శుద్ధి చేసేటప్పుడు ద్రవరాజంలో (నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) బంగారం కరిగిపోతుంది, రుథేనియం నల్లటి మడ్డిగా అడుగున మిగులుతుంది, వడకట్టి వేరు చేస్తారు. ఆ మడ్డిని బలమైన ఆక్సీకరణ రసాయనాలతో వేడిచేయకూడదు: పుట్టే రుథేనియం టెట్రాక్సైడ్ సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరి చాలా విషపూరితం.

నిజానికి ఇది పనికొచ్చే లోహం. సర్క్యూట్ బోర్డుల మీది చిప్ రెసిస్టర్లలో, క్లోరిన్ తయారుచేసే టైటానియం ఆనోడ్ల పూతలో దీని ఆక్సైడే ఉంటుంది.